చేపల వేటకి యాక్షన్ కెమెరా మౌంట్లు, యాక్సెసరీలు: మన కర్నూలు, అనంతపురం, కడప పక్క తరచుగా అడిగే ప్రశ్నలు

సుంకేసుల బ్యారేజీ కింద తుంగభద్రలో, కెసి కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్ల మీద, గండికోట బ్యాక్‌వాటర్లో, పోరుమామిళ్ల చెరువు కట్ట మీద, ఇట్ల మన పక్క యాడ చూసినా గాలం వేసేవాళ్లలో చానామంది ఇప్పుడు వీడియో గూడా తీస్తా ఉన్నారు. యాక్షన్ కెమెరా, అంటే ఒంటికో దేనికో బిగించి తీసే చిన్న గట్టి కెమెరా, ఏదో ఒకటి కొనేస్తారు, దాన్ని ఏ మౌంట్‌తో (పట్టి ఉంచే సామానుతో) దేనికి బిగించాల, ఎట్ల బిగించాల అనే దగ్గరే ఇరుక్కుంటారు. నన్ను అడిగినవాళ్లకి నేను చెప్పేది ఒకటే: మీరు చేపలు ఎట్ల పడతారు, కూర్చోని పడతారా, నడుస్తా పడతారా, పుట్టిలో పోతారా, అది తేల్చుకున్నాకే మౌంట్ కొనండి, కెమెరా పోకుండా కాపాడే సామాన్లకి ముందు డబ్బు పెట్టండి, మిగిలినవన్నీ తర్వాత.

అన్నా, కెమెరా కొని చేతిలో డబ్బు అయిపోయింది, ముందుగా ఏమేం కొనాల?

మూడు చాలు. ఒకటి ఒంటికి పెట్టుకునే మౌంట్, ఛాతీదో మెడదో. రెండోది నేల మీదో కొమ్మకో నిలబెట్టే చిన్న ట్రైపాడ్, వంగే కాళ్లు ఉండేది. మూడోది నీళ్లలో పడితే తేలే హ్యాండిల్, దాంతో పాటు కెమెరాకి కట్టే తాడు. ఈ మూడూ పేరున్న కంపెనీవే అయ్యుండాలని లేదు, మామూలువి వందల్లో దొరుకుతాయి. స్పేర్ బ్యాటరీ ఒకటి, నిఖార్సైన మెమరీ కార్డు ఒకటి దీనికి కలుపుకుంటే ఏడాది పాటు ఇంకేం కొనే పని లేదు. ఫిల్టర్లు, డోమ్‌లు, లైట్లు అన్నీ మీరు నాలుగు వీడియోలు తీసి, ఇది తక్కువైంది అని మీకే అనిపించినాక కొనుక్కోవచ్చు.

ఆన్‌లైన్లో 50 ఇన్ 1 కిట్ అని దొరుకుతాది గదా, అది తీసుకుంటే అన్నీ వచ్చేస్తాయి గదా?

వస్తాయి, అయితే అందులో మన పనికొచ్చేవి ఐదారే. తేలే హ్యాండిల్, ఛాతీ బెల్టు, తల పట్టీ, పైపు క్లాంప్, ఇంకా ఆ జె ఆకారం కొక్కెం, ఇవి వాడతాం. మిగతావి సైకిల్‌కి, హెల్మెట్‌కి, సర్ఫింగ్ బోర్డుకి. కిట్‌లో అసలు బాధ స్క్రూలతో వస్తాది, తేమకి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, ప్లాస్టిక్ తల విరుగుతాది, గట్టిగా బిగించినామని అనుకుంటాం, కెమెరా మెల్లగా కిందికి వంగి గంటసేపు మన చెప్పులు రికార్డ్ అయ్యుంటాయి. కిట్ కొంటే కొనండి గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు విడిగా నాలుగు కొని మార్చుకోండి. ఆ ఛాతీ బెల్టు ఎలాస్టిక్ గూడా మన ఎండకి చెమటకి తొందరగా సాగిపోతాది, ప్రతిసారీ లాగి చూసి పెట్టుకోండి.

తలకి పెట్టుకోవాలా, ఛాతీకి పెట్టుకోవాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా.

ఛాతీకి పెడితే రెండు చేతులు, రాడ్, రీల్ అన్నీ ఫ్రేమ్‌లో ఉంటాయి, చూసేవాళ్లకి తామే గాలం పట్టుకున్నట్టు అనిపిస్తాది, తల తిప్పినప్పుడల్లా బొమ్మ ఊగదు. ఇది నిలబడి, నడుస్తా, లూర్ (ఉత్తుత్తి ఎర) విసిరేవాళ్లకి బాగుంటాది. అదే కట్ట మీద గొంతుకూర్చున్నారంటే ఫ్రేమ్ నిండా మోకాళ్లే. చేప పడినాక రాడ్ మొదలు కడుపుకి ఆనించి లాగుతాం గదా, అప్పుడు మోచేయి వచ్చి లెన్స్‌కి అడ్డం పడతాది, సరిగ్గా చూడాల్సిన టైంలోనే కనపడకుండా పోతాది. దానికి ఒకటే మార్గం, కెమెరాని కొంచెం పైకి వాల్చి, బెల్టు మధ్యలో కాకుండా రొమ్ము పైభాగానికి ఎత్తి కట్టుకోవడం. బెల్టు కట్టుకుని ఫోన్ యాప్‌లో ఒకసారి చూసుకోండి, రాడ్ కొస, ఎదురుగా ఉండే నీళ్లు, రెండూ కనపడాల.

తలకి పెడితే మీరు యాడ చూస్తే అక్కడే తీస్తాది. కొర్రమీనుకి రబ్బరు కప్ప వేసి పట్టేవాళ్లకి నేను తల మౌంటే చెప్తా, ఎందుకంటే ఆ చేప నీళ్ల పైకొచ్చి కప్ప మీద పడే దెబ్బ అర సెకను కథ, అప్పుడు మీ కళ్లు ఆ కప్ప మీదే ఉంటాయి, కెమెరా గూడా అక్కడే ఉంటాది. అయితే తల ఊరికే తిప్పకుండా అలవాటు చేసుకోవాల, ఫ్రెండ్‌తో మాట్లాడేటప్పుడు గూడా మొగం నీళ్లవైపే ఉండాల. టోపీ పెట్టుకుంటే దాని అంచు లెన్స్ పైన అడ్డం రాకుండా చూసుకోండి. మనోళ్లు తలకి తువాలు చుడతారు, దాని మీద పట్టీ నిలవదు, జారతాది. టోపీ క్లిప్పుకి బిగిద్దామంటే కెమెరా బరువు 150 గ్రాముల దగ్గర ఉంటాది, టోపీ ముందుకి వాలిపోతాది, చిన్న కెమెరా అయితేనే ఆ క్లిప్పు పని చేస్తాది.

ఈ రెంటికీ మధ్యలో మెడ మౌంట్ అని ఒకటుంది, మెడలో వేసుకునే రబ్బరు కడ్డీ, ముందు కెమెరా ఉంటాది. నాకు ఇదే నచ్చుతాది. చేతులు కనపడతాయి, మోకాళ్లు తక్కువ కనపడతాయి, చెమట పట్టే బెల్టు ఉండదు, ఎండలో ఆరేడు గంటలు ఉండేవాళ్లకి ఆ తేడా చానా పెద్దది. వంగి చేపని పైకి ఎత్తేటప్పుడు మాత్రం ఊగుతాది, ఒక చిన్న దారంతో చొక్కా గుండీకి కట్టేస్తే సరిపోతాది. చొక్కా లోపల ప్లేటు పెట్టి అయస్కాంతంతో నిలబెట్టేవి గూడా ఉన్నాయి, గుండెకి పేస్‌మేకర్ ఉండేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

బెండు గాలం వేసి కూర్చుంటాం, మాకు ఏ మౌంట్?

బెండు గాలానికి ఒంటి మీద కెమెరా వద్దు. గంటసేపు బెండు కదలకుండా ఉంటాది, మీరు కదులుతా ఉంటారు, ఆ వీడియో చూడలేరు. కెమెరాని నేల మీద నిలబెట్టండి. మన చెరువు కట్టలకి లోపలి పక్క రాళ్ల పరుపు ఉంటాది, దాని మీద మామూలు ట్రైపాడ్ మూడు కాళ్లు సమానంగా ఆనవు, వంగే కాళ్ల ట్రైపాడ్ అయితే రాతి సందులోకి దూర్చి పెట్టొచ్చు, లేదంటే పక్కన ఎట్లా కంపచెట్లు ఉంటాయి, ఆ కొమ్మకి చుట్టేయొచ్చు, ముళ్లు చూసుకోండి. బురద నేల అయితే ఇనుప కడ్డీ ఒకటి భూమిలోకి దిగ్గొట్టి దానికి పైపు క్లాంప్ బిగించడం అన్నింటికంటే గట్టి పని, వెల్డింగ్ షాపులో మూడడుగుల కడ్డీకి కొస సాది ఇమ్మంటే ఇస్తారు.

ఇక్కడ ఇంకో సంగతి. యాక్షన్ కెమెరా లెన్స్ చానా వెడల్పు, ఇరవై అడుగుల దూరంలో ఉండే బెండు చుక్క మాదిరి గూడా కనపడదు. వైడ్ మోడ్ తీసేసి లీనియర్ గానీ, న్యారో గానీ పెట్టుకోండి, అప్పటికీ చాలదనిపిస్తే బెండుకి ఫోన్ జూమ్ పెట్టి, కెమెరాని మీ వైపు తిప్పి పెట్టండి. బెండు మునిగే షాట్, అదే టైంలో మీ మొగం, రెండూ ఎడిటింగ్‌లో కలిపితే వచ్చే వీడియో వేరే లెవల్లో ఉంటాది.

నదిలో అయితే కడ్డీని నీళ్ల అంచున పాతొద్దు. పైన నీళ్లు ఎప్పుడు వదులుతారో కింద ఉండేవాళ్లకి తెలీదు, 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ నీళ్లన్నీ మన సుంకేసుల వైపే వచ్చినాయి. అంత పెద్ద సంగతి రోజూ జరగదు గానీ మామూలుగా గేట్లు ఎత్తినా నది మట్టం తొందరగా లేస్తాది. మీరు గానీ, మీ బ్యాగు గానీ, కెమెరా గానీ వెనక్కి జరగడానికి దారి ఉండే చోటే పెట్టుకోండి.

పుట్టిలో పోతాం, దానికి ఎట్ల బిగించాల?

పుట్టి గుండ్రంగా ఉంటాది, తెడ్డు వేసినప్పుడల్లా తిరుగుతా పోతాది, వేరే దేశాల కయాక్ వీడియోల్లో చెప్పే మౌంట్లు దీనికి కుదరవు. బొద్దుకి, అంటే పైన వెదురు అంచుకి, బిగించాలంటే నోరు పెద్దగా తెరుచుకునే క్లాంప్ కావాల, కొనే ముందు మీ పుట్టి అంచు ఎంత మందం ఉందో టేపుతో కొలుచుకోండి, చిన్న హ్యాండిల్‌బార్ క్లాంపులు దానికి పట్టవు. వెదురు నున్నగా ఉంటే జారతాది, పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి దాని మీద క్లాంప్ బిగించండి, కదలదు. ఫైబర్ పుట్టి అయితే అంచు సన్నగా ఉంటాది గాబట్టి మామూలు క్లాంపే సరిపోతాది.

కెమెరాని బయటి వైపు తిప్పొద్దు. పుట్టి తిరిగేకొద్దీ గట్టు, కొండ, ఎండ, అన్నీ గిర్రున తిరిగి చూసేవాళ్లకి తల తిరుగుతాది. లోపలి వైపుకి, మీ వైపుకి తిప్పితే మీరు, చేప, పుట్టి అడుగు నిలకడగా ఉంటాయి, వెనకాల నీళ్లు తిరిగినా బాధ ఉండదు. హారిజాన్ లాక్ ఆన్ చేస్తే పక్కకి వాలడం పోతాది గానీ గుండ్రంగా తిరగడాన్ని అది ఆపదు. నిజంగా పుట్టి మీదే ఎక్కువ తిరిగేవాళ్లయితే 360 కెమెరా ఆలోచించండి, ఒక కడ్డీకి పెట్టి నిలబెడితే అన్ని వైపులా తీసేస్తాది, ఇంటికొచ్చినాక ఏ వైపు కావాలంటే ఆ వైపు తీసుకోవచ్చు, దిక్కు లాక్ చేసే ఆప్షన్ గూడా ఉంటాది. సంగమేశ్వరం పక్క శ్రీశైలం బ్యాక్‌వాటర్ అందం చూపించాలంటే అంతకంటే మంచి పద్ధతి లేదు.

ఒకటి మాత్రం మరవొద్దు, కెమెరా సరిచేయడానికి పుట్టిలో లేచి నిలబడొద్దు, అంచు మీదకి వాలొద్దు. యాప్‌తోనో, రిమోట్‌తోనో, మాటతోనో ఆన్ చేసే ఏర్పాటు గట్టు మీదే చేసుకోండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, ఈత వచ్చినవాళ్లు గూడా వేసుకోండి. యాక్సెసరీల లిస్టులో నా లెక్కన మొదటిది అదే. ఛాతీ మౌంట్ ఆ జాకెట్ మీద పట్టదు గాబట్టి జాకెట్ భుజం పట్టీకి బిగించే క్లిప్పు వాడుకోండి.

రాడ్‌కే కెమెరా బిగిస్తే ఎట్లుంటాది?

వద్దు. 150 గ్రాములు రాడ్ మీద పడితే విసిరేటప్పుడు తూకం పోతాది, చేయి నొప్పి పెడతాది, వీడియో అంతా ఊగుతాది. ముప్పై నలభై గ్రాముల బుల్లి కెమెరాలు అయితే రీల్‌కి కింద, రాడ్ మొదలుకి బిగించి రీల్ తిరిగే షాట్ ఒకటి రెండు తీసుకోవచ్చు, అంతకు మించి దాని అవసరం లేదు.

స్టిక్కర్ మౌంట్ అతికిస్తే ఊడిపోతాంది, ఏం చెయ్యాల?

అతికించినాక 24 గంటలు ఆగినారా? చానామంది పొద్దున అతికించి పొద్దున్నే చెరువుకి పోతారు. ముందు ఆ చోటు స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అతికించి గట్టిగా నొక్కి, ఒక రోజంతా వదిలేయాల. వంపు ఉండే చోట చదును స్టిక్కర్ పట్టదు, వంపు స్టిక్కర్ వేరే ఉంటాది. తడి వెదురు మీద, తారు పూసిన దాని మీద, థర్మాకోల్ తెప్ప మీద ఏ స్టిక్కరూ నిలవదు. ఫైబర్ పుట్టి, ఐస్ బాక్స్ మూత, లూర్ల డబ్బా మూత, వీటి మీద బాగా పడతాది, ఐస్ బాక్స్ మూత మీద పెట్టుకుంటే అది కూర్చునేవాళ్లకి మంచి తక్కువ ఎత్తు యాంగిల్ గూడా. తీసేయాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మెల్లగా లాగితే వస్తాది.

నీళ్లలో పడితే తేలుతాదా?

తేలదు. యాక్షన్ కెమెరాలు దాదాపు అన్నీ రాయి మాదిరి మునుగుతాయి, వాటర్‌ప్రూఫ్ వేరే, తేలడం వేరే. వర్షాకాలంలో తుంగభద్ర నీళ్లు ఎర్రగా ఉంటాయి, అరచేయి కిందికి పోతే కనపడదు, పడిందంటే ఇంక దొరకదు. అందుకే తేలే హ్యాండిల్ గానీ, వెనక అతికించే నారింజ రంగు ఫోమ్ గానీ పెట్టుకోండి. నలుపు రంగుది కొనొద్దు, నీళ్ల మీద కనపడదు. కొన్నాక ఇంట్లో బకెట్లో నీళ్లు పోసి, మీ కెమెరా, మీ మౌంట్, అన్నీ కలిపి అందులో వేసి చూడండి, కొన్ని ఫోమ్‌లు ఉత్త కెమెరానే తేలుస్తాయి, స్టీల్ క్లాంప్ కలిస్తే ముంచేస్తాయి.

పారే నీళ్లలో తేలినా లాభం లేదు, తేలుకుంటా పోతాది. అక్కడ తాడు కట్టాల. దానికి డబ్బులు పెట్టే పని లేదు, మీ దగ్గర ఉండే పాత బ్రెయిడ్ (అల్లిన) దారం రెండు పేటలు వేసి, ఒక కొసకి స్వివెల్ (తిరిగే చిన్న కీలు), స్నాప్ (తెరిచి మూసే కొక్కెం) కట్టి, కెమెరా ఫ్రేమ్‌లోకి దూర్చి, రెండో కొస మీ బెల్టుకో పుట్టి అంచుకో కట్టండి. కెమెరాకి కట్టండి, మౌంట్‌కి కాదు, ఎందుకంటే ఎక్కువసార్లు ఊడేది కెమెరాకి మౌంట్‌కి మధ్య ఉండే బకుల్ దగ్గరే. తాడు పొడుగ్గా వదిలితే గాలానికి చుట్టుకుంటాది, మూరెడు చాలు.

కెమెరా వాటర్‌ప్రూఫే గదా, మళ్లా కేస్ ఎందుకు?

గట్టు మీద పట్టేవాళ్లకి అవసరం లేదు. గోప్రో హీరో కెమెరాలు కేస్ లేకుండా 10 మీటర్ల దాకా, డిజెఐ ఆస్మో యాక్షన్ 4 అయితే 18 మీటర్ల దాకా తట్టుకుంటాయి, మన చెరువుల్లో అంత లోతు పంపే పనే రాదు. మీది పాత తరహా చవక కెమెరా అయితే మాత్రం కేస్ తీసేసి నీళ్ల దగ్గరికి పోవద్దు, వాటిలో వాటర్‌ప్రూఫ్ అంటే ఆ కేసే. ఏ కెమెరా అయినా బ్యాటరీ డోర్ చుట్టూ ఉండే రబ్బరు మీద ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి పోతాయి. గట్టు మీద కార్డు మార్చేటప్పుడు చేతికి ఎర్రల మట్టి, పిండి ఉంటాది, ముందు చేతులు తుడుచుకోండి, డోర్ మూసే ముందు ఆ రబ్బరుని ఒకసారి చూడండి. కేస్ వాడితే లోపల ఆవిరి పట్టకుండా యాంటీఫాగ్ పట్టీలు పెట్టాల, ఎండలో కాగిన కేస్‌ని చల్లటి నీళ్లలో ముంచినప్పుడే అది తెల్లగా మసకబారేది.

నీళ్ల లోపల చేప ఎరని తినేది తీయొచ్చా?

తీయొచ్చు, నీళ్లు తేటగా ఉంటే. మన దగ్గర కొత్త నీళ్లు వచ్చినప్పుడు అంతా బురదే, చలికాలం నుంచి నీళ్లు తేరుకుంటాయి, చెరువుల్లో ఆకుపచ్చ రంగు మాత్రం ఉంటాది. తాడుకి కెమెరా కట్టి, కింద సీసం బరువు వేలాడదీసి, ఎరకి ఒకటి రెండు అడుగుల దగ్గర ఉండేట్టు దింపండి, అంతకంటే దూరం పెడితే ఉత్త పచ్చదనమే వస్తాది. నీలం నీళ్లకి ఎర్ర ఫిల్టర్ అంటారు గానీ మన పచ్చ నీళ్లకి మెజెంటా రంగుదే సరైనది, బురద నీళ్లకి ఏ ఫిల్టరూ ఏమీ చేయలేదు. ఫోన్‌లో లైవ్ చూద్దామనుకోవద్దు, వైఫై సిగ్నల్ నీళ్లలో కొన్ని అంగుళాలకే ఆగిపోతాది, ఆన్ చేసి దింపి, అరగంట తర్వాత తీసి చూసుకోవడమే. గాలం దారం, కెమెరా తాడు రెండూ దగ్గర దగ్గర ఉంటే చేప పడినాక చుట్టుకుంటాయి, అందుకే కెమెరా తాడుని గట్టు నుంచి పక్కకి జరిపి వేయండి. సగం నీళ్లు సగం ఆకాశం కనపడే డోమ్ కొనాలా అని గూడా అడుగుతారు, మన నీళ్లకి అది దండగ.

ఎండకి కెమెరా ఆగిపోతాంది, పాడైందా?

పాడు కాలేదు, వేడెక్కింది. ఇది మన పక్క అసలు సమస్య. గోప్రోకి కంపెనీ చెప్పే పరిమితి 35 డిగ్రీలు, ఆస్మో యాక్షన్ 4కి 45. ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో, అనంతపురంలో నీడలోనే 40 దాటుతాది, ఎండలో నల్ల కెమెరా ఒళ్లు ఇంకెంత కాగుతాదో మీరే చూసుకోండి. రాళ్ల పరుపు మీద పెడితే ఆ రాయి వేడి కింద నుంచి గూడా తగులుతాది.

4కె 60 ఫ్రేమ్స్ (ఎక్కువ క్లారిటీ, సెకనుకి 60 బొమ్మలు) మానేయండి, 1080పి లేదా 2.7కె, 30 ఫ్రేమ్స్ పెట్టుకోండి. వెనక స్క్రీన్ తొందరగా ఆరిపోయేట్టు సెట్ చేయండి, వైఫై, జిపిఎస్ ఆఫ్ చేయండి. రికార్డింగ్ లేనప్పుడు స్టాండ్‌బైలో ఉంచకుండా పూర్తిగా ఆపేయండి. కెమెరాకి గాలి తగలాల, కేస్‌లో పెడితే తొందరగా కాగుతాది గాబట్టి గట్టు మీద కేస్ తీసేయండి. ట్రైపాడ్ మీద ఉండే కెమెరాకి తెల్ల గుడ్డ ముక్కతో నీడ కట్టండి, ఇంత చిన్న పనికి రికార్డింగ్ టైం బాగా పెరుగుతాది. ఐస్ బాక్స్‌లో పెట్టి చల్లబరుద్దామని మాత్రం అనుకోవద్దు, లెన్స్ లోపల చెమ్మ పడతాది, ఆ చెమ్మ పోవడానికి రోజులు పట్టొచ్చు. నీడలో పెట్టి ఆగండి. అసలు మన పక్క చేపలు గూడా పొద్దున్నే తొమ్మిది లోపల, మళ్లా సాయంత్రం ఐదు తర్వాతే బాగా తింటాయి, అప్పుడే తీయండి, వెలుగు గూడా అప్పుడే అందంగా ఉంటాది. బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద స్పేర్ బ్యాటరీలు వదిలి పోవద్దు, లిథియం బ్యాటరీకి ఆ వేడి మంచిది కాదు.

పవర్ బ్యాంక్ పెట్టి రోజంతా తీయొచ్చా?

గట్టు మీద, ట్రైపాడ్ మీద తీయొచ్చు. దానికి డోర్ తీసేయాల, లేదంటే రంధ్రం ఉండే డోర్ పెట్టాల, అప్పుడు ఆ కెమెరాకి వాటర్‌ప్రూఫ్ పోయినట్టే. పుట్టిలో, వాన తుంపరలో ఈ పని చేయొద్దు. చార్జింగ్ పెడతా తీస్తే వేడి గూడా ఎక్కువే. నా మాట అడిగితే రెండు స్పేర్ బ్యాటరీలు జేబులో ఉంచుకోవడమే నయం, కంపెనీవే కొనండి, చవక బ్యాటరీలు ఉబ్బి లోపల ఇరుక్కుంటే తీయడం గూడా కష్టం.

మెమరీ కార్డు ఎంతది?

వి30 (రాసే వేగం గుర్తు) అని రాసి ఉండే మైక్రో ఎస్‌డి, 128 జిబి. 4కెలో సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన గంటకి 45 జిబి దాకా తింటాది, అంటే 128లో రెండున్నర గంటలకి పైన వస్తాది, 1080పిలో అయితే ఇంకా ఎక్కువ. సగం ధరకి దొరికే 1 టిబి కార్డులు నకిలీవి, 32 జిబికి స్టిక్కర్ మార్చి అమ్ముతారు, నిండినాక పాత వీడియోల మీదే రాసుకుంటా పోతాది, ఇంటికొచ్చినాక ఏదీ తెరుచుకోదు. కార్డు కొన్న రోజే కంప్యూటర్లో నిండా కాపీ చేసి, మళ్లా తెరిచి చూసుకోండి.

గంటల తరబడి తీస్తే కార్డు నిండిపోతాది, ఆపితే అప్పుడే చేప పడతాది, దీనికి మార్గం ఉందా?

ఉంది, ఈ సెట్టింగ్ చానామందికి తెలీదు. గోప్రో హీరో 9 నుంచి హైండ్‌సైట్ అని ఉంటాది, మీరు బటన్ నొక్కక ముందు జరిగిన 15 లేదా 30 సెకన్లు గూడా అందులో వచ్చేస్తాయి, డిజెఐలో ప్రీ రికార్డింగ్ అంటారు. బెండు మునిగింది, మీరు లాగినారు, చేప పడింది, అప్పుడు బటన్ నొక్కినా బెండు మునిగింది గూడా వచ్చేస్తాది. బ్యాటరీ మాత్రం రికార్డింగ్‌లో అయిపోయినట్టే అయిపోతాది, ఎందుకంటే లోపల అది ఎప్పుడూ తీస్తానే ఉంటాది. ఇంకోటి లూప్ రికార్డింగ్, ఐదు నిమిషాలకో ఇరవై నిమిషాలకో పాతది చెరిపి కొత్తది రాసుకుంటా పోతాది, చేప పడినాక ఆపేస్తే చివరి ముక్క మిగులుతాది. ఎదురుచూపు ఎక్కువ ఉండే బొచ్చె, బంగారు తీగ చేపల వేటకి ఇది సరిగ్గా సరిపోతాది.

పోలరైజర్ ఫిల్టర్ పనికొస్తాదా?

నీళ్ల మీద మెరుపు తగ్గించి లోపలిది చూపిస్తాది, నిజమే, అయితే నీళ్లని దాదాపు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడే దాని పని బాగా కనపడతాది, నిటారుగా పైనుంచి చూసినా, మరీ అడ్డంగా దూరంగా చూసినా పెద్ద తేడా ఉండదు. దాన్ని తిప్పి సరైన చోట ఆపాల. ట్రైపాడ్ మీద అయితే ఒకసారి తిప్పి వదిలేయొచ్చు, తలకి పెట్టుకుంటే తల వాల్చినప్పుడల్లా మారిపోతాది. వెలుగు గూడా కొంత మింగేస్తాది గాబట్టి సాయంత్రం తీసేయండి. తేట నీళ్లలో నడుస్తా చేపని చూసి విసిరేవాళ్లకి మంచి పోలరైజ్డ్ కళ్లద్దాలు దీనికంటే ముందు అవసరం.

గాలి శబ్దం తప్ప ఏం వినపడదు.

రిజర్వాయర్ కట్టల మీద, పెన్నహోబిలం పక్క, గండికోట పక్క గాలి ఎక్కువ. మైక్ మీద స్పాంజి కవర్ వేయండి, కెమెరా మొత్తం చుట్టేసే స్పాంజి తొడుగులు దొరుకుతాయి, చవక. తడిస్తే స్పాంజి పని చేయదు, పిండి ఆరబెట్టాల. మాటలు ముఖ్యమైతే కాలర్‌కి పెట్టుకునే వైర్‌లెస్ మైక్, దానికి బొచ్చు తొడుగు. కెమెరా నీళ్లలో మునిగి లేచినాక మాట కొంచెంసేపు అణిగినట్టు వస్తాది, మైక్ రంధ్రంలో నీళ్లుంటాయి, విదిలిస్తే పోతాది.

ఏ స్క్రూ దేనికి సరిపోతాదో అర్థం కావట్లేదు.

కెమెరా కింద మడిచే రెండు కొక్కేలు ఉంటే అది గోప్రో తరహా, దాదాపు అన్ని చవక మౌంట్లూ దానికే చేస్తారు. ట్రైపాడ్ స్క్రూ 1/4 ఇంచు, అన్ని ఫోన్, కెమెరా ట్రైపాడ్లకీ ఇదే. గోప్రో హీరో 12 నుంచి కెమెరా కిందే ఆ మర ఉంది, పాతవాటికి చిన్న అడాప్టర్ కావాల. జాగ్రత్త పడాల్సింది ఒకచోట, గాలం సామాన్ల షాపుల్లో దొరికే రాడ్ నిలబెట్టే బ్యాంక్ స్టిక్‌ల మీద 3/8 ఇంచు మర ఉంటాది, కెమెరా స్టాండ్లలో గూడా 3/8 ఉంటాది, రెండింటినీ 3/8 అనే అంటారు గానీ మర చుట్ల లెక్క వేరు, ఇంచుకి బ్యాంక్ స్టిక్‌కి 20, కెమెరా స్టాండ్‌కి 16, బలవంతంగా తిప్పితే మర తెగిపోతాది. బ్యాంక్ స్టిక్‌కి కెమెరా బిగించే అడాప్టర్ అని అడిగి తీసుకోండి.

రాత్రి వేటకి ఎట్ల?

తలకి టార్చి, ఛాతీకో మెడకో కెమెరా, ఈ రెండూ ఒకే చోట పెట్టొద్దు. టార్చి ఎక్కువ వెలుగులో పెడితే పురుగులన్నీ లెన్స్ ముందుకొస్తాయి, వెలుగు పక్క నుంచి పడేట్టు చిన్న ఎల్ఈడి ఒకటి దూరంగా పెట్టుకుంటే మంచిది. చిన్న సెన్సార్ కెమెరాలు చీకట్లో బాగా రావు, వాలగ, మార్పు చేపల వేటకి రాత్రి పోయేవాళ్లు చేప పైకొచ్చిన ఆ రెండు నిమిషాల మీదే దృష్టి పెట్టండి.

ఇంటికొచ్చినాక ఏం చెయ్యాల?

డోర్ మూసి ఉంచి, మంచినీళ్ల గిన్నెలో పది నిమిషాలు నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడవండి. మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, ఆరితే లెన్స్ మీద తెల్ల మరకలు పడతాయి, అందుకే ఫిల్టర్ నీళ్లు వాడండి, తుడవకుండా ఆరనీయొద్దు. స్క్రూలు, బకుల్స్ విప్పి బురద కడగండి. బాగా ఆరినాకే డోర్ తెరిచి బ్యాటరీ తీయండి.

యాడైనా తీయొచ్చా, పర్మిషన్ కావాలా?

ఊరి చెరువులు చానావాటిని మత్స్యకార సహకార సంఘాలు లీజుకి తీసుకుని చేప పిల్లలు వదిలి పెంచుకుంటాయి, అది వాళ్ల బతుకు. పోయి అడిగి, ఒప్పుకుంటేనే గాలం వేయండి, వాళ్ల వలలు తీసేటప్పుడు వాళ్ల మొగాలు తీయాలన్నా అడగండి. డ్యామ్ గేట్ల దగ్గర, పవర్ హౌస్‌ల దగ్గర కెమెరా తీయొద్దు. శ్రీశైలం పక్క అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో వేట నిషేధం ఉంటే ఆ రోజుల్లో మానుకోండి, తేదీలు మీ జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో చెప్తారు. తుంగభద్ర, కృష్ణ మడుగుల్లో మొసళ్లు ఉంటాయి, కింద యాంగిల్ కోసమని నడుము లోతు నీళ్లలోకి దిగొద్దు.

చేపని చూపించి మళ్లా వదిలేయాలంటే ఒక్కడినే ఎట్ల తీయాల?

చేప పడక ముందే ట్రైపాడ్‌ని నీళ్ల అంచుకి దగ్గరగా, మోకాలి ఎత్తులో పెట్టి, ఫ్రేమ్ చూసుకుని ఉంచండి. చేప దగ్గరికొచ్చినాక దాన్ని నీళ్లలోనే ఉంచి, కెమెరా ఆన్ చేసి, చేతులు తడుపుకుని, అప్పుడు ఎత్తండి. కాగిన రాయి మీద, పొడి మట్టి మీద పెట్టొద్దు, ఒంటి మీద జిగురు పోతే దానికి రోగం వస్తాది. మీరు ఒకసారి ఊపిరి బిగపట్టినంతసేపే బయట ఉంచండి, చాలకపోతే నీళ్లలో ముంచి మళ్లా ఎత్తండి. వైడ్ లెన్స్‌కి చేయి బాగా ముందుకి చాపితే చేప ఉన్నదానికంటే చానా పెద్దగా కనపడతాది, అట్ల కాకుండా ఒంటికి దగ్గరగా పట్టుకుని, పక్కన రాడ్ పెట్టి చూపిస్తే అసలు సైజు తెలుస్తాది. వదిలేటప్పుడు విసరొద్దు, తల ముందుకి ఉండేట్టు నీళ్లలో పట్టుకుని, అదే తోక ఆడించి పోయేదాకా ఆగండి, ఆ షాట్ కోసం కెమెరా అప్పటిదాకా ఆన్‌లోనే ఉండనీయండి.